పెనాల్టీ చుక్క దగ్గర మర్డో

మా ఊరి ఫుట్‌బాల్ జట్టు కార్‌బ్రే అథ్లెటిక్ క్లబ్బుకి నూట ముప్పై మూడేళ్ళ చరిత్ర ఉంది. అందులో గెలిచిన కప్పు ఒకటి. 1954 జనవరిలో ఎదుటి జట్టు బస్సు మంచులో కూరుకుపోయి రాలేకపోతే, మావాళ్ళు మైదానంలోకి దిగి, రిఫరీ ఈల ఊదగానే ఖాళీ గోల్లోకి బంతి తన్ని, కప్పు పట్టుకుని ఇళ్ళకి పోయారు. ఆ ఫొటో ఇప్పటికీ క్లబ్బు ఆఫీసు గోడకి ఉంది. పదకొండు మంది ఆటగాళ్ళు, పదకొండు చొక్కాలు. ఒక్క చొక్కా మీద కూడా మట్టి మరక లేదు.

మొదటి మ్యాచ్ 1891లో. ఏడు మైళ్ళ అవతలున్న డల్లన్ జట్టు చేతిలో తొమ్మిది సున్నా. ఓటమికి కారణం గాలి అని అప్పటి సెక్రటరీ మినిట్స్ పుస్తకంలో రాశాడు. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మార్చుకున్నాయనీ, అప్పుడు ఆ గాలి మావైపే వీచి ఉంటుందనీ ఆయనకి తట్టినట్టు లేదు. ఆ తర్వాత సెక్రటరీలు కూడా ఇదే పద్ధతిలో నడుచుకున్నారు. ఓడిపోయిన ప్రతిసారీ ఏదో ఒక కారణం దొరికింది. బురద, ఎండ, రిఫరీ కళ్ళజోడు, ఒక ఏడాది రాణిగారి పట్టాభిషేకం. ఈలోగా ఊళ్ళో జనపనార మిల్లు మూతబడింది, రైలు ఆగడం మానేసింది, బ్యాంకు వెళ్ళిపోయింది. క్లబ్బు మాత్రం పోలేదు. పోవడానికి దానికి వేరే చోటు లేదు.

ఈ సంగతులన్నీ నాకు తెలియడానికి కారణం, క్లబ్బు చరిత్ర పుస్తకం రాసే పని నామీద పడటమే. టికెట్లు చింపడం, ఆటగాళ్ళ మేజోళ్ళు లెక్కపెట్టి ఉతకడానికి పంపడం, ఫోను ఎత్తడం ఎలాగూ నా పనులే కాబట్టి, చరిత్ర కూడా నేనే చూసుకోవచ్చని చైర్మన్ రోనల్డ్ పెట్టిగ్రూ గారు అనుకున్నారు. ఆయనకి మూడు ఊళ్ళలో బాత్రూము సామాను షాపులున్నాయి. మా పెద్ద స్టాండు పేరు పెట్టిగ్రూ బాత్రూమ్స్ స్టాండు. అందులో బాత్రూము లేదు.

పుస్తకంలో ఆఖరి అధ్యాయం ఏమిటో ఆయన ముందే చెప్పారు. ప్లాస్టిక్ గడ్డి.

మా మైదానం నదిని ఆనుకుని ఉంటుంది. పోయిన ఏడాది నీళ్ళు నిలిచిపోయి పద్నాలుగు మ్యాచ్‌లు వాయిదా పడ్డాయి. వాయిదా పడ్డ మ్యాచ్‌లే మాకు ఓటమి లేని మ్యాచ్‌లు కాబట్టి ఊళ్ళో ఎవరూ పెద్దగా బాధపడలేదు గానీ, లీగు వాళ్ళు ఊరుకోలేదు. అందుకని గడ్డి పీకేసి, కింద అడుగున్నర మట్టి తవ్వేసి, రాళ్ళు పోసి, దానిమీద ప్లాస్టిక్ పచ్చిక పరుస్తారు. ఉత్తరం గోలు వెనకున్న ముళ్ళపొదల దడి కొట్టేసి, అక్కడ అద్దాల గది కట్టి, డబ్బున్న అతిథులకి వైన్ పోస్తారు. మా మ్యాచ్ చూడటానికి డబ్బున్న అతిథులు ఎక్కణ్ణుంచి వస్తారని ఎవరూ అడగలేదు. మాకు మర్యాద ఎక్కువ.

తవ్విన మట్టి ఎక్కడికి పోతుందన్నది మాత్రం అడిగారు. అడిగింది ఆగ్నెస్ ఇమ్రీ.

ఆగ్నెస్ నలభై రెండేళ్ళుగా మైదానంలో పైల కొట్టు నడుపుతోంది. పిండి రొట్టెలో కూరి కాల్చిన మటన్ పై, వేడి బీఫ్ చారు, టీ. నాలుగోది అడిగినవాణ్ణి ఆమె చూసే చూపుకి వాడు టీ తీసుకుని వెళ్ళిపోతాడు. వయసు డెబ్భై నాలుగు. ఆమె భర్త మర్డో కుర్రతనంలో మా జట్టుకి తొమ్మిది మ్యాచ్‌లు ఆడాడు. మిగతా జీవితమంతా ఆ తొమ్మిది మ్యాచ్‌ల గురించి మాట్లాడాడు. పదకొండేళ్ళ కిందట పోయాడు. ఆయన బూడిదని ఉత్తరం గోలు ఎదుట, బంతి పెట్టి తన్నే పెనాల్టీ చుక్క దగ్గర చల్లారు.

ఇది మా దగ్గర ఆచారం. చర్చి శ్మశానం ఖాళీగానే ఉంది, కొండ మీద నుంచి చూస్తే సముద్రం కూడా కనబడుతుంది. అయినా క్లబ్బు మనిషి పోతే దహనం చేయించి, ఆ బూడిద డబ్బా పట్టుకుని మైదానానికి వస్తారు. సోమవారం ఉదయం పదింటికి. క్లబ్బు తరఫున టీ, బిస్కెట్లు ఇస్తారు. అయిదు నిమిషాల మౌనం. గోలు ముందర చల్లమనే వాళ్ళు సగం, పెనాల్టీ చుక్క దగ్గర చల్లమనే వాళ్ళు సగం. మూల జెండా దగ్గర చల్లమని అడిగినవాడు ఇంతవరకూ లేడు. బతికుండగా గోలు దగ్గరికి బంతి వెళ్ళడం చూడనివాళ్ళు, చచ్చాకైనా అక్కడికి చేరుకోవాలనుకోవడంలో తప్పేముంది? అలా ఇప్పటికి నలభై ముగ్గురు.

ఆగ్నెస్ ఆఫీసుకి వచ్చి, మట్టి ఎక్కడికి పోతుందో చెప్పమంది. చైర్మన్ గారు కాంట్రాక్టరు చూసుకుంటాడన్నారు. కాంట్రాక్టరు ఎక్కడ చూసుకుంటాడని ఆమె అడిగింది. ఆయన కాగితాలు తిరగేశారు. ఆగ్నెస్ కుర్చీలో కూర్చుంది. ఆమె కూర్చుందంటే తేలేదాకా లేవదని ఊరందరికీ తెలుసు కాబట్టి, ఆయన చివరికి చెప్పేశారు. డల్లన్ వాళ్ళు కొత్త స్టాండు కట్టుకుంటున్నారు. దాని కింద గట్టు పోయడానికి వాళ్ళకి మట్టి కావాలి.

ఆగ్నెస్ కాసేపు గోడ మీద ఉన్న 1954 కప్పు ఫొటో చూసింది.

"అంటే మా ఆయన డల్లన్ వాళ్ళ స్టాండు కింద ఉంటాడు," అంది. "వాళ్ళు గోలు కొట్టినప్పుడల్లా పైన ఎగురుతారు. ఆయన నెత్తిమీద. ఇదేనా రోనీ నువ్వు చెప్పేది?"

"అలా చూడకూడదు, ఆగ్నెస్."

"మరి ఎలా చూడాలో చెప్పు, చూస్తాను."

ఆయన మళ్ళీ కాగితాలు తిరగేశారు. ఆమె లేచి వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. మైదానం మార్చాలంటే సభ్యుల ఓటు కావాలి, రెండు వందల పదకొండు మంది సభ్యుల్లో సగానికి పైగా చేతులెత్తాలి. నలభై ముగ్గురు పోయినవాళ్ళకి పెళ్ళాలు, పిల్లలు, తమ్ముళ్ళు, బావలు ఉన్నారు. చిన్న ఊరు. లెక్క వేసి చూస్తే పోయినవాళ్ళదే మెజారిటీ.

చైర్మన్ గారికి ఒక ఉపాయం తోచింది. ఇత్తడి ఫలకం. నలభై మూడు పేర్లూ చెక్కించి ప్లాస్టిక్ గడ్డి పక్కన గోడకి బిగిస్తే జనం చల్లబడతారని ఆయన నమ్మకం. ఎవరు ఎక్కడున్నారో జాబితా తీసుకురమ్మని నన్ను ఎకీ లైల్ దగ్గరికి పంపారు.

ఎకీ మా మైదానం చూసుకునే మనిషి. నలభై ఒక్క ఏళ్ళుగా గడ్డి కోస్తున్నాడు, సున్నం గీతలు గీస్తున్నాడు. రోజుకి ఇరవై మాటలకి మించి మాట్లాడడు. వాటిలో పదిహేను వాన గురించే. నేను వెళ్ళేసరికి తన రేకుల షెడ్డులో గడ్డి కోసే యంత్రం బ్లేడు రుద్దుతున్నాడు. ఫలకం సంగతి చెప్పాను. పేర్లు చెప్పాడు, ఒక్కటి కూడా తడుముకోకుండా, తారీకులతో సహా. ఎవరిని ఎక్కడ చల్లారో అడిగితే మాత్రం మళ్ళీ బ్లేడు రుద్దడం మొదలుపెట్టాడు. కెటిల్ మరిగింది. టీ పోశాడు. నాకు తొందరేం లేదు, కూర్చున్నాను.

"ఆగ్నెస్‌ని పిలుచుకు రా అమ్మాయ్," అన్నాడు చివరికి.

ఆగ్నెస్ పైల కొట్టు కడుగుతోంది. తడి చేతులతోనే వచ్చింది. ఎకీ తన కుర్చీ, ఒక కప్పు టీ ఆమెకిచ్చి, ఎరువు బస్తా మీద కూర్చున్నాడు.

"మర్డో అక్కడ లేడు," అన్నాడు.

"ఎక్కడ లేడు?"

"పెనాల్టీ చుక్క దగ్గర."

"అక్కడ లేకపోతే ఎక్కడికి పోతాడు? బతికున్నప్పుడే ఎక్కడికీ కదల్లేదు."

అప్పుడు ఎకీ చెప్పుకొచ్చాడు. ఒక ఏడాదికి సరిపడా మాటలు ఆ పావుగంటలో ఖర్చు పెట్టాడు. మనిషి బూడిద పడ్డ చోట గడ్డి మాడిపోతుందట. అతను పనిలో చేరిన కొత్తల్లో మొదటి ముగ్గురినీ చల్లిన చోటే వదిలేశాడు. ఆ ఏడాది గోలు ముందర బట్టతల లాగా అయిపోయింది. లీగు మనిషి వచ్చి చూసి, ఇది మైదానమా, కుంపటా అని రాసి పోయాడు. అప్పణ్ణుంచి ఎకీ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. సోమవారం అందరూ వచ్చి, చల్లి, ఏడ్చి, టీ తాగి వెళ్ళేదాకా టోపీ తీసి నిలబడతాడు. వాళ్ళ కారు చర్చి మలుపు తిరిగాక చీపురు, బొగ్గుల పార తెచ్చి, మెల్లగా ఊడ్చి ఎత్తి, ఉత్తరం గోలు వెనక ముళ్ళదడి మొదట్లో పోస్తాడు. పోసేటప్పుడు మళ్ళీ టోపీ తీస్తాడు. మొదటి ముగ్గురిని కూడా తర్వాత గీకి అక్కడికే చేర్చాడు. ఒక్కరిని కూడా తప్పించలేదు. నలభై ముగ్గురూ అక్కడే ఉన్నారు.

 ప్రతి మ్యాచ్‌కీ మొదటి ఈలకి ముందు ఆగ్నెస్ పైల కొట్టు కిటికీ ఒక్క నిమిషం మూసి, బయటికొచ్చి, పెనాల్టీ చుక్క వైపు చూస్తూ ఆ రోజు జట్టులో ఎవరెవరున్నారో మర్డోకి చెబుతుంది. బయటికి వినబడేలా కాదు. పెదాలు కదులుతాయి, అంతే. వరసలో ఉన్నవాళ్ళు ఆకలితో ఉన్నా ఆ నిమిషం ఎవరూ కిటికీ కొట్టరు.

"పదకొండేళ్ళు," అంది. "పదకొండేళ్ళుగా నేను గడ్డితో మాట్లాడుతున్నాను. నువ్వు అక్కడే పార పట్టుకుని నిలబడి చూస్తున్నావు."

"చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు?"

"వాన వెలిశాక," అన్నాడు ఎకీ.

మా ఊళ్ళో వాన వెలవదు. ఆ మాటకి ఆమె నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. తాగని టీని షెడ్డు గుమ్మంలో పారబోసి, కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. ఎకీ ఎరువు బస్తా మీదే కూర్చున్నాడు. పేర్ల జాబితా నా చేతిలోనే ఉంది. పక్కన చోటు రాయాల్సిన గడి అలాగే ఖాళీగా ఉంచి మడత పెట్టాను.

మర్నాడు పొద్దున్నే ఆగ్నెస్ ఆఫీసుకి వచ్చి, కొత్త ప్లాను చూపించమంది. అద్దాల గది ఎక్కడ వస్తుందో వేలితో వెతికింది. వేలు సరిగ్గా దడి మీద ఆగింది. నిన్నటిదాకా ఆమెకి కాపాడాల్సింది గడ్డి. ఇప్పుడు గడ్డి ఏమైపోయినా పరవాలేదు, దడి కావాలి. ఆ సంగతి బయటపెట్టి అడిగితే, చైర్మన్ గారు ఎకీని ఆ రోజే ఇంటికి పంపేస్తారు. ఇత్తడి ఫలకం ఖర్చు కూడా అతని జీతంలో కోస్తారు.

శనివారం మ్యాచ్ ఉంది. ఆగ్నెస్ ఎప్పటిలాగే కిటికీ తెరిచింది. పోయినవాళ్ళ తాలూకు మనిషి ఎవరు వరసలో వచ్చినా, మటన్ పై చేతికిస్తూ, చేయి వదలకుండా, వాళ్ళ చెవి దగ్గర నాలుగు మాటలు చెప్పింది. నేను పక్కనే చారు పోస్తున్నాను కాబట్టి విన్నాను. మీ నాన్న దడిలో ఉన్నాడు, క్షేమంగా ఉన్నాడు, నోరు మూసుకో, గురువారం సభలో ప్లాస్టిక్‌కి చెయ్యెత్తు. చివర చిల్లర ఇచ్చేది.

ఒకావిడ ఏడ్చింది. ఒకాయన చేతిలోని పైని నేలమీద పడేసుకున్నాడు, ఆగ్నెస్ ఇంకోటి ఇచ్చింది, డబ్బు తీసుకుంది. ఎలక్ట్రిక్ పని చేసే గ్రెగర్ మాత్రం కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు.

"నాన్న దడిలోనా?" అన్నాడు. "బతికుండగా కూడా సగం ఆటలో అక్కడికే పోయేవాడు, ఒంటేలుకి."

"అయితే దారి తెలిసిన చోటే ఉన్నాడు," అంది ఆగ్నెస్. "పక్కకి జరుగు, వెనక జనం ఉన్నారు."

కోపం వచ్చినవాళ్ళు లేకపోలేదు. ఇద్దరు ముగ్గురు ఎకీ షెడ్డు వైపు నడిచారు. షెడ్డు గుమ్మంలో అతను టోపీ తీసి, తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఎంత తిట్టినా పరవాలేదన్నట్టు. అలా నిలబడ్డ మనిషిని తిట్టడం మావాళ్ళకి రాదు. వాన గురించి రెండు మాటలు మాట్లాడి వచ్చేశారు. ఆ రోజు మేం మూడు సున్నా ఓడిపోయాం. కారణం ఇంకా ఖరారు కాలేదు.

గురువారం మధ్యాహ్నం చర్చి హాల్లో సభ. చైర్మన్ గారు రాత్రంతా కూర్చుని తయారు చేసుకున్న ముప్పై ఎనిమిది బొమ్మలు తెర మీద వేసి చూపించారు. ప్లాస్టిక్ గడ్డి మీద నవ్వుతున్న కుటుంబాలు. వాళ్ళెవరూ మా ఊరివాళ్ళు కారు, దంతాలు చూస్తేనే తెలుస్తుంది. గొడవ జరుగుతుందని ఆయన నీళ్ళ గ్లాసు కూడా దూరంగా పెట్టించారు. తీరా చేతులెత్తమంటే, నూట తొంభై ఆరు చేతులు లేచాయి. ఆయన రెండోసారి లెక్కపెట్టించారు. అవే చేతులు.

అప్పుడు ఆగ్నెస్ నిలబడి, ఒక చిన్న విన్నపం అంది. ఆ దడిలో పిచ్చుకలు గూళ్ళు పెట్టుకుంటాయి, దాన్ని కొట్టకుండా ఉంటే బాగుంటుంది. అద్దాల గది దక్షిణం వైపు కట్టుకోవచ్చు, అక్కణ్ణుంచి అతిథులకి గోలు ఇంకా బాగా కనబడుతుంది. సగం ఆట అయ్యాక మాకు పడే గోల్స్ అన్నీ ఎలాగూ అటే పడతాయి.

గెలిచిన ఊపులో ఉన్న చైర్మన్ గారు అక్కడికక్కడే ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమే కాదు, పర్యావరణం అంటే తనకి మొదటినుంచీ ప్రాణమని పది నిమిషాలు మాట్లాడారు. దడికి తన పేరు పెడితే కాదనేది లేదని కూడా సూచనగా అన్నారు. హాల్లో నూట తొంభై ఆరు మంది నేల చూస్తూ కూర్చున్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. మర్నాడు ఆయన నన్ను పిలిచి, ఒక మనిషి వాక్చాతుర్యం ఊరి మనసు ఎలా మార్చిందో ఆఖరి అధ్యాయంలో వివరంగా రాయమన్నారు. రాశాను. ఎవరి వాక్చాతుర్యమో రాయలేదు. ఆయన చదివి చాలా సంతోషించారు.

రెండు వారాలకి యంత్రాలు వచ్చాయి. మొదటి రోజే గడ్డి చాపలా చుట్టి లేపేశారు. మధ్యాహ్నం నుంచి లారీలు మట్టి ఎత్తుకుని డల్లన్ రోడ్డు పట్టాయి. ఆగ్నెస్ కోటు వేసుకుని వచ్చి, దడి పక్కన ఎకీ దగ్గర నిలబడింది. షెడ్డు రోజు తర్వాత ఆమె అతనితో మాట్లాడటం అదే మొదటిసారి.

"ఏ పొద?" అంది.

ఎకీ వేలితో చూపించాడు. గేటు నుంచి నాలుగోది. ఆమె దగ్గరికి వెళ్ళి ఆ పొదని పై నుంచి కిందకి చూసింది. ఒక ఎండు రెమ్మ విరిచి పారేసింది. కాపురం చేసినన్నాళ్ళూ మర్డో కాలరు సరిచేసిన చెయ్యిలాగే ఉంది ఆ చెయ్యి. ఎకీ ఆమె వెనకే నిలబడి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటున్నాడు.

"ఇంకేమైనా ఉందా?" అంది ఆగ్నెస్ వెనక్కి తిరగకుండా.

"ఆ రోజు వాన పడుతోంది," అన్నాడు ఎకీ.

"నాకు తెలుసు. నేనూ ఉన్నాను."

"తడిసిపోయి పేస్టులా అయ్యాడు. చీపురుకి రాలేదు. పారతో గీకాను. చేతులతో కూడా ఎత్తాను. అయినా మొత్తం రాలేదు."

దక్షిణం గోలు వైపు ఒక లారీ నిండి బయల్దేరింది. ఇంకో లారీ వెనక్కి నడుస్తూ ఉత్తరం గోలు ముందుకి, సరిగ్గా పెనాల్టీ చుక్క ఉండాల్సిన చోటికి వచ్చి ఆగింది. యంత్రం చెయ్యి పైకి లేచింది. పరిగెత్తితే ఆపగలిగేంత దూరమే. నేను ఆగ్నెస్ మొహం చూశాను. ఎకీ టోపీ తీసేశాడు.

"ఎంత మిగిలాడు?" అంది.

"మోకాళ్ళ దాకా అనుకో."

యంత్రం దిగి మట్టిలో మునిగింది, నిండుగా లేచింది, లారీలో కుమ్మరించింది. మళ్ళీ దిగింది. ఆగ్నెస్ చూస్తూనే ఉంది. లారీ నిండి, గేటు దాటి, డల్లన్ వైపు తిరిగేదాకా చూసింది. ఎకీకి అప్పటికి మాటలు అయిపోయాయి.

"పోనీలే," అంది చివరికి. "డెబ్భై ఒకటిలో డల్లన్ మ్యాచ్‌లో ఆ మోకాళ్ళు విరగ్గొట్టింది వాళ్ళే. వాళ్ళే ఉంచుకోనీ."

ఆ తర్వాత ఆమె దడి వైపు తిరిగి, శనివారం జట్టులో ఎవరెవరు ఉంటారో నన్ను అడిగింది. మైదానం లేదు కాబట్టి మ్యాచ్ లేదని చెప్పాను. అయినా పేర్లు చెప్పమంది. చెప్పాను. ఒక్కో పేరూ పొద దగ్గరికి వంగి చెప్పింది, ఈసారి మాకు కూడా వినబడేలా. గోల్‌కీపరు పేరు దగ్గర ఆగి, వీడు ఇంకా ఉన్నాడని కోప్పడకు అంది.